పాత బండికి కొత్త ఫిల్టరా? ముందు మన దుమ్ము సంగతి చూడండి

ఎర్ర రంగు, క్రోమ్ మూత, కోన్ ఆకారం. ఫోన్‌లో ఒక్క వీడియో చూస్తే చాలు, ఆ ఫిల్టర్ తెప్పించి ఇంట్లో ఉన్న పాత బుల్లెట్‌కో, ఆర్‌ఎక్స్ 100కో తగిలించాలని చెయ్యి దురద పెడుతుంది. చొప్పదండిలో మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపి అడిగేది కూడా ఒకటే మాట: "అన్నా, ఇది పెడితే బండి ఉరుకుతదా?"

నిజం చెప్పాలంటే ముందు పెరిగేది సౌండు. సీటు కిందనుంచి గాలి పీల్చే బుస్సుమనే చప్పుడు వినగానే స్పీడు పెరిగినట్టే అనిపిస్తుంది. అసలు పికప్ మాత్రం చాలాసార్లు తగ్గుతుంది, ముఖ్యంగా తక్కువ ఆర్‌పీఎంలో.

ఎందుకంటే కార్బ్యురేటర్‌కు సొంత తెలివి లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటిలో సెన్సార్ చూసి పెట్రోల్‌ను కొంతవరకు సర్దుతుంది. పాత బండిలో ఆ పని చేసేది జెట్, అంటే సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. కిలో పెట్రోల్ సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్కను కంపెనీ తన ఎయిర్‌బాక్స్‌కు తగ్గట్టు కట్టింది. డబ్బా పీకేసి ఓపెన్ ఫిల్టర్ పెడితే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అవుతుంది. దీన్నే 'లీన్' అంటారు. ఇంజిన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌లో ఇంకా ప్రమాదం. వేడికి పిస్టన్ పట్టేస్తే బోరు పని దాకా పోతుంది.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, పాత జెట్‌తో నడిచే బండి ఇప్పటికే కాస్త లీన్‌గా నడుస్తోంది. దానిమీద ఓపెన్ ఫిల్టర్ పెడితే ఇంజిన్‌కు రెండు దెబ్బలు.

అసలు సంగతి దుమ్ము. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల వెనక బండి నడిపినవాళ్లకు, కోతల టైంలో హార్వెస్టర్ పక్కనుంచి పోయినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గ్రానైట్ పొడిలో ఉండే క్వార్ట్జ్ మామూలు ఉక్కుకన్నా గట్టిది. అది ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. విదేశీ వీడియోలో నున్నటి తారు రోడ్డు మీద బాగా నడిచిన ఫిల్టర్ ఇక్కడ కూడా అట్లే నడుస్తుందని ఎవరన్నారు?

నన్నడిగితే ఎయిర్‌బాక్స్ జోలికి పోకండి. అదే డబ్బాలో పట్టే హై ఫ్లో ఫిల్టర్లు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. ఆయిల్ పట్టించిన కాటన్‌ది కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, దానికోసం అమ్మే ఆయిలే పట్టించాలి, అదీ కొంచెమే. అంత ఓపిక లేకుంటే కంపెనీ పేపర్ ఫిల్టరే మేలు. అయితే కోతల సీజన్‌లో దాన్ని త్వరగా మార్చాలి.

లేదు, కోన్ ఫిల్టరే కావాలంటారా? అప్పుడు ఫిల్టర్ ధర ఒక్కటే లెక్కేస్తే సరిపోదు. పెద్ద మెయిన్ జెట్ కావాలి, నీడిల్ క్లిప్ మార్చాలి, ఐడ్లింగ్ దగ్గర మిక్చర్ మళ్లీ సెట్ చేయాలి. కార్బ్యురేటర్ క్లాసిక్ 350 లాంటి బండ్లలో లోపలి స్లైడ్ వాక్యూమ్‌తో లేస్తుంది. గాలి నిలకడగా రాకపోతే అక్కడ ట్యూనింగ్ ఇంకా కష్టం. చాలా బండ్లలో ఇంజిన్ బ్రీదర్ పైపు ఎయిర్‌బాక్స్‌లోకే పోతుంది. దాన్ని ఊరికే వేలాడదీస్తే దుమ్ముకు ఇంకో దారి తెరిచినట్టే. వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు, వెనక చక్రం చిమ్మే నీళ్లు నేరుగా ఫిల్టర్ మీదే పడతాయి. పొల్యూషన్ చెకింగ్‌లో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కూడా మార్పులు చేసిన బండికి తంటాలు రావచ్చు.

కొనేముందు కార్బ్యురేటర్ మూతి బయటి కొలత వెర్నియర్‌తో తీయించండి. ఫిల్టర్ రబ్బరు దానికి బిగువుగా కూర్చోవాలి. వదులైతే క్లాంప్ ఎంత బిగించినా సందులోంచి గాలి పోతుంది. రెండు వారాలు తిరిగాక ఫిల్టర్ ఊడదీసి, తెల్ల గుడ్డతో కార్బ్యురేటర్ మూతి లోపల తుడవండి. గుడ్డకు పొడి అంటిందా, అదే రోజు పాత డబ్బా మళ్లీ బిగించేయండి.