గోడ చెబుతున్నా వినేదెవరు?

ముప్పై ఏళ్లు దాటిన భవనాలకు ముంబైలో తనిఖీ తప్పనిసరి. న్యూయార్క్ బయటి గోడలకే ప్రత్యేకంగా గడువు పెట్టింది. హాంకాంగ్ పాత భవనాల తనిఖీకి గడువు పెట్టింది. అయినా ప్రమాదాలు ఆగలేదు. లోపం ఎక్కడుంది?

ముంబైలో రుతుపవనాల కన్నా ముందే ఏటా ఒక జాబితా వస్తుంది. ఆ ఏడాది వానలకు తట్టుకోలేని భవనాలేవో నగరపాలక సంస్థ బీఎంసీ, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా సర్వే చేసి వేర్వేరుగా ప్రకటిస్తాయి. ఖాళీ చేయమంటూ నోటీసులు వెళ్తాయి. నీళ్లు, కరెంటు ఆపేస్తామన్న హెచ్చరికలూ వెళ్తాయి. కానీ చాలామంది కదలరు. ఒకసారి గడప దాటితే మళ్లీ అదే చోట ఇల్లు దక్కుతుందన్న నమ్మకం వారికి లేదు. ఈలోగా వానలు మొదలవుతాయి. సజ్జాలు, బాల్కనీల నుంచి పెచ్చులు ఊడి కింద పడుతుంటాయి.

భవనం జబ్బు ముందుగా బయటపడేది ఒంటి మీదే. సముద్రపు ఉప్పుగాలి, ఏటా నాలుగు నెలల వాన కాంక్రీటులోకి చెమ్మను చేరుస్తాయి. లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చీలి, పైనున్న సిమెంటు పూత గుల్లబారుతుంది. సుత్తితో మెల్లగా తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ దశలో పట్టుకుంటే మరమ్మతుతో పోతుంది. పట్టించుకోకుండా పైపైన సున్నం, రంగు వేస్తే జబ్బు కనబడదు, అంతే. అది లోపల పెరుగుతూనే ఉంటుంది.

చట్టం లేక కాదు. ముంబై మునిసిపల్ చట్టానికి 2009లో చేర్చిన 353-బి సెక్షన్ ప్రకారం, 30 ఏళ్లు దాటిన ప్రతి భవనాన్నీ రిజిస్టర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. మహారాష్ట్ర సహకార గృహనిర్మాణ సంఘాల నమూనా నియమావళి మరో అడుగు ముందుకేసి, 15 నుంచి 30 ఏళ్ల భవనాలకు అయిదేళ్లకోసారి, అంతకు మించినవాటికి మూడేళ్లకోసారి ఆడిట్ జరగాలంటుంది. పరీక్షించిన భవనాలను తరగతులుగా విడదీస్తారు. సీ-1 అంటే ఖాళీ చేసి కూల్చేయాల్సిందే. సీ-2 కింద వచ్చేవాటికి భారీ మరమ్మతులు కావాలి. సీ-3కి చిన్నపాటి రిపేర్లు చాలు.

ఆ అక్షరం, అంకె చుట్టూనే అసలు కథంతా నడుస్తుంది. 2022 జూన్ నెలాఖరులో కుర్లాలోని నాయక్ నగర్‌లో నాలుగంతస్తుల భవనం కూలి 19 మంది చనిపోయారు. అది ఎవరికీ తెలియకుండా శిథిలమైన భవనం కాదు. బీఎంసీ 2013 నుంచే నోటీసులు ఇచ్చింది. తర్వాత నివాసితుల తరఫున జరిగిన మరో ఆడిట్ మరమ్మతులతో సరిపోతుందని తేల్చింది. కూల్చాల్సిన భవనం కాగితం మీద బాగుచేయదగిన భవనంగా మారిపోయింది. ఆడిటర్‌ను పెట్టుకునేది, ఫీజు ఇచ్చేది భవనంలో ఉన్నవారే. ఇల్లు పోతుందని భయపడేవారికి నచ్చని నివేదిక ఇవ్వడం కష్టం. భవనాన్ని కూల్చి కొత్తది కట్టాలనుకునే యజమాని చేయించే ఆడిట్‌కు ఉండే ఒత్తిడి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే గోడకు రెండు నివేదికలు రావడం ముంబైలో వింతేమీ కాదు.

యజమాని ప్రభుత్వమే అయినా ఫలితం మారదని అంతకు ముందే తెలిసింది. 2013 సెప్టెంబరు 27న డాక్‌యార్డ్ రోడ్డులో కూలి 61 మందిని పొట్టన పెట్టుకున్న బాబూ గేను భవనం బీఎంసీ సొంత సిబ్బంది క్వార్టర్స్. ఊరందరికీ నోటీసులు ఇచ్చే సంస్థ తన గోడనే చూసుకోలేకపోయింది.

పాత భవనాల సంగతి సరే, కొత్త టవర్లకు భయం లేదనుకోవడమూ పొరపాటే. 2022 ఫిబ్రవరి 10న ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో చింటెల్స్ పారడైసో అనే అపార్టుమెంట్ల సముదాయంలో ఒక టవర్ ఆరో అంతస్తు నుంచి స్లాబులు ఒకదానిపై ఒకటి కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. జనం కాపురం ఉంటూ పదేళ్లు కూడా నిండని టవరది. కాంక్రీటులో క్లోరైడ్ల మోతాదు అధికంగా ఉందని, మరమ్మతుతో బాగయ్యేది కాదని ఢిల్లీ ఐఐటీ నిపుణులు తేల్చారు. ముప్పై ఏళ్ల గడువు కోసం కాచుకు కూర్చునే చట్టానికి ఇలాంటి టవర్ కంటికే ఆనదు.

బయటి గోడల తనిఖీలో అందరికన్నా ఎక్కువ అనుభవం ఉన్న నగరం న్యూయార్క్. 1979 మే నెలలో బ్రాడ్‌వేలో ఒక భవనం పైనుంచి ఊడిపడ్డ ముక్క తగిలి 17 ఏళ్ల కాలేజీ విద్యార్థిని మరణించింది. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. ఆరంతస్తులు మించిన భవనాల వీధి గోడలను అయిదేళ్లకోసారి నిపుణులతో చూపించాలి. 1998లో దాన్ని దాదాపు అన్ని వైపుల గోడలకూ విస్తరించారు. కింద నిలబడి బైనాక్యులర్లతో చూస్తే కుదరదు. వీధివైపు గోడను 60 అడుగులకు మించని దూరాల్లో దగ్గరికి వెళ్లి, చేత్తో తడిమి పరీక్షించాలి. సురక్షితమా, మరమ్మతుతో సురక్షితమా, ప్రమాదకరమా అన్నది నివేదిక తేల్చాలి. ప్రమాదకరమైతే కాలిబాట మీద వెంటనే రక్షణ పందిరి వేయాలి.

ఆ పందిరే అక్కడ కొత్త సమస్య అయింది. గోడ బాగుచేయడం కన్నా పందిరికి అద్దె కట్టడమే చవక. అందుకే నగరంలో వేల సంఖ్యలో పందిళ్లు ఏళ్ల తరబడి అలాగే నిలిచిపోయాయి. అసలు వేయాల్సిన చోట వేయకపోవడం మరో ఘోరం. 2019 ఏప్రిల్‌లో సెవెంత్ అవెన్యూలోని 17 అంతస్తుల భవనం గోడ దెబ్బతిందని అధికారులు నోటీసిచ్చారు. పందిరి పడలేదు. డిసెంబరులో శకలాలు పడి దారిన వెళ్తున్న ఒక ఆర్కిటెక్ట్ చనిపోయారు. 2023లో బ్రాంక్స్‌లో ఏడంతస్తుల భవనం మూల కూలినప్పుడు ఇంకో నిజం బయటపడింది. బరువు మోసే స్తంభాన్ని తనిఖీ ఇంజనీరు అలంకారానికి పెట్టినదిగా పొరబడ్డాడు.

హాంకాంగ్ అనుభవం ఇంకా చేదు. 2010లో ఒక పాత భవనం కూలి నలుగురు చనిపోయాక, 30 ఏళ్లు నిండిన భవనాలకు పదేళ్లకోసారి తనిఖీ చేయించే పథకం 2012 జూన్ నుంచి అమలైంది. వాంగ్ ఫుక్ కోర్ట్ అనే ఎనిమిది టవర్ల సముదాయానికి ఆ పథకం కిందే 2016లో ఉత్తర్వు వెళ్లింది. మరమ్మతుల అంచనా సుమారు 33 కోట్ల హాంకాంగ్ డాలర్లు. భారం మోయలేమని నివాసితులు గొడవపడ్డారు. చివరికి పనులు మొదలై టవర్ల చుట్టూ వెదురు పరంజా, వల, కిటికీలకు ఫోమ్ బోర్డులు వచ్చాయి. 2025 నవంబరు 26న అంటుకున్న మంట ఏడు టవర్లను చుట్టేసింది. 160 మందికి పైగా చనిపోయారు. కొన్నిచోట్ల కట్టిన వల అగ్ని నిరోధక ప్రమాణాలకు తగినది కాదని పరీక్షల్లో తేలింది. అవినీతి నిరోధక సంస్థ అరెస్టులు చేసింది. గోడను కాపాడేందుకు చేపట్టిన పనే ప్రాణాలు తీసింది.

ఇన్ని చేదు అనుభవాలున్నాయని తనిఖీలే దండగని తోసిపుచ్చలేం. న్యూయార్క్‌లో ఒక్కొక్క మరణం తర్వాత నిబంధన బిగిసింది. మన నగరాల్లో అత్యధిక భాగం ఇంకా తొలి మెట్టే ఎక్కలేదు. హైదరాబాద్‌లోనూ ఏటా వానలకు ముందు శిథిల భవనాలను గుర్తించి నోటీసులు ఇస్తారు. కానీ గచ్చిబౌలి, ఆర్థిక జిల్లాల్లో ఆకాశాన్నంటుతున్న టవర్ల అద్దాలు, రాతి పలకలు, వాటిని పట్టి ఉంచే బోల్టులు ఆ సర్వేల దృష్టిలోకి రావు. నేటి కొత్త టవరే రేపటి పాత భవనమన్న లెక్క ఎవరూ వేయడం లేదు.

చేయాల్సినవి పెద్ద రహస్యాలేమీ కావు. గడువు భవనం వయసుతో కాక, అది కట్టిన నాటి నుంచే మొదలవ్వాలి. ఆడిటర్‌ను ఎంపిక చేసే అధికారం ఫీజు ఇచ్చేవారి చేతిలో ఉండకూడదు. నివేదిక నోటీసు బోర్డు మీద అందరికీ కనబడాలి. అన్నిటికన్నా ముందు, మరమ్మతు ఖర్చు ఎవరిదో తేలాలి. నెలకు కొన్ని వందల అద్దె వచ్చే యజమాని గోడ కోసం లక్షలు పెట్టడు. మళ్లీ ఇల్లు దక్కుతుందన్న హామీ లేని అద్దెదారు ఖాళీ చేయడు. ఈ ముడి విప్పకుండా ఎన్ని తనిఖీలు జరిపినా ప్రమాదాన్ని ముందే రాసిపెట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. నాయక్ నగర్‌లో జరిగింది అదే.