మెత్త, దిండు, తలగడ... ఏది కరెక్ట్?

'పిల్లో'ని తెలుగులో ఏమంటారని అడిగితే తెలంగాణ ఇళ్ల పిల్లలు 'మెత్త' అంటారు. ఆంధ్ర ఇళ్ల పిల్లలు 'దిండు' అనో 'తలగడ' అనో అంటారు. మూడూ కరెక్టే! ఒకరి దుప్పటి ఇంకొకరికి చద్దరు.

ఇంగ్లీషులోనూ ఇంతే. మనం మంచాన్ని 'కాట్' అంటాం. బ్రిటన్‌లో కాట్ అంటే పసిపిల్లల ఊచల మంచం. అమెరికాలో మడత మంచం. అసలు ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్లింది హిందీ 'ఖాట్' నుంచే.

కాబట్టి పిల్లలు 'మెత్త' అంటే తప్పని దిద్దకండి. ఇంటి మాటను ఉండనిచ్చి, దాని పక్కన 'పిల్లో' నేర్పండి. తప్పంటే ఆ మాట అనడమే మానేస్తారు.

ఈ నెల యాక్టివిటీ: నులక మంచానికీ నవారు మంచానికీ తేడా ఏమిటో నానమ్మ, తాతయ్యలను అడిగి రాయించండి.