చిన్న పాఠాలు - జ్ఞాపకం సమస్య

ఐదారు నిమిషాల వీడియో, దాని వెంట రెండు మూడు ప్రశ్నలు, సరైన జవాబుకి తెర మీద ఒక నక్షత్రం. ఈనాడు ఫోన్లలో, ట్యాబ్‌లలో విద్యార్థులకు అందుతున్న చిన్న పాఠం స్వరూపం ఇది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచిన తర్వాత, ఇది పట్నపు ప్రైవేటు చదువుల వ్యవహారమని తోసిపుచ్చడానికి వీల్లేకుండా పోయింది. దీన్ని మెచ్చేవాళ్లు విద్యార్థికి ఆసక్తి పెరుగుతుందనీ, చదివింది గుర్తుంటుందనీ అంటారు. ఈసడించేవాళ్లు చదువు చిల్లర సరుకయిపోయిందంటారు. ఉభయులూ పాఠం పొడవు గురించే తగువులాడుతున్నారు. పైగా ఆసక్తినీ జ్ఞాపకాన్నీ ఒకే గాట కట్టి మాట్లాడుతున్నారు. గందరగోళమంతా అక్కడే ఉంది.

ముందు జ్ఞాపకం సంగతి చూద్దాం. జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షర సముదాయాలను స్వయంగా బట్టీ పట్టి, కొంత వ్యవధి తర్వాత వాటిని మళ్లీ నేర్చుకోడానికి ఎంత శ్రమ కలిసివచ్చిందో లెక్క కట్టాడు. 1885లో ప్రచురించిన ఆ లెక్కల ప్రకారం, గంటకు కలిసివచ్చిన శ్రమ 44 శాతం, రోజుకు 34 శాతం, నెలకు 21 శాతం. మరపు మొదటి గంటలోనే పెద్ద దెబ్బ తీస్తుందన్నమాట. మనకు ఇంతకన్నా పనికివచ్చే విషయం మరొకటి ఆ గ్రంథంలోనే ఉంది. పన్నెండేసి సముదాయాల వరసలను ఒకే రోజు 68 సార్లు వల్లిస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తే దాదాపు అంత ఫలితమూ వచ్చింది. చిన్న పాఠానికి ఉన్న గట్టి సమర్థన ఇదే. వ్యవధి ఇచ్చి మళ్లీ మళ్లీ రావడానికి అది వీలుగా ఉంటుంది. అటువంటి పాఠాలు పాతిక పరీక్ష ముందురాత్రి వరసగా చూసేస్తే ఆ వీలు కాస్తా పోతుంది.

వ్యవధి ఒక్కటే చాలదు. 2006లో అమెరికన్ పరిశోధకులు రోడిగర్, కార్పికీ కాలేజీ విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం నాలుగు విడతలు చదివినవాళ్లకే ఎక్కువ! మన బడుల్లో 'అప్పజెప్పడం' అని పిలిచే పనికి ఇంత బలముంది. బెత్తం భయంతో ముడిపడి దానికి చెడ్డపేరు వచ్చింది గాని, జ్ఞాపకాన్ని నిలిపేది ఆ పనే. తెర మీద నాలుగు జవాబులు పెట్టి ఒకటి నొక్కమంటే అది సగం అప్పజెప్పడమే అవుతుంది.

ఇక ఆసక్తి. 2014లో ఫిలిప్ గువో బృందం ఎడెక్స్ సంస్థ నాలుగు కోర్సులలోని 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దానిముందు నిలిచే మధ్యస్థ కాలం ఆరు నిమిషాలకు మించలేదని తేలింది. నాటినుంచీ ఆరు నిమిషాలు చాలామందికి వేదవాక్కయి కూర్చున్నాయి. కాని అక్కడ కొలిచింది చూసిన కాలాన్ని. అంగడి ముందు ఎంతసేపు నిలబడ్డాడో తెలిసినంత మాత్రాన ఏం కొన్నాడో తెలియదు కదా. నక్షత్రాల సంగతీ అంతే. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగంలో, బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పసిపిల్లలు, తర్వాత బహుమతి లేని రోజుల్లో మిగతా పిల్లలు గడిపిన కాలంలో సగమే బొమ్మలతో గడిపారు. వాళ్లంతా మొదట బొమ్మలంటే ఇష్టపడ్డ పిల్లలే.

ఇప్పుడు మన రంగంలోకి వద్దాం. వేమన ఆటవెలదిని చిన్న పాఠం చెయ్యడానికి కత్తెర పట్టనక్కరలేదు. అది నాలుగు పాదాల్లో మొదలై ముగిసే సమగ్ర వస్తువు. 'కన్యాశుల్కం' అటువంటిది కాదు. 1909 నాటి రెండవ కూర్పులోని ఏడు అంకాలకూ అంకానికొక సారాంశం చొప్పున ఏడు వీడియోలు చేస్తే కథ తెలుస్తుంది, నాటకం చేజారుతుంది. గిరీశం మధురవాణి దగ్గర ఎలా మాట్లాడాడో, బుచ్చమ్మ దగ్గర వితంతు వివాహాల గురించి ఎలా మాట్లాడాడో గుర్తున్నవాడికే, చివర సౌజన్యారావు పంతులు ఎదుట అతని సంస్కర్త వేషం జారిపోవడంలోని వ్యంగ్యం తగులుతుంది. ఆ వ్యంగ్యానికి చివరి అంకం ఒక్కటే చాలదు, మొదటి అంకం పాఠకుడి జ్ఞాపకంలో సజీవంగా ఉండాలి.

కనుక పాఠాన్ని ఇలా కూర్చవచ్చు. మొదటి రోజు ఎనిమిది నిమిషాలు గిరీశం, మధురవాణి సంభాషణ ఒక్కటే, మూలంలోని మాటలతోనే వినిపించాలి, వ్యాఖ్యానం లేకుండా. మూడు రోజుల తర్వాత, పుస్తకం తెరవకుండా, ఆమె ముందు అతను ఏ భంగిమలో నిలబడ్డాడో అయిదు వాక్యాలు రాయించి, అప్పుడు బుచ్చమ్మ సన్నివేశం వినిపించాలి. చివరి అంకానికి ముందు ఒక ప్రశ్న: సౌజన్యారావుకి తెలిసిన గిరీశం ఎవరు, మధురవాణికి తెలిసిన గిరీశం ఎవరు? దీనికి నొక్కడానికి నాలుగు జవాబులు ఇవ్వకూడదు. అరవైమంది ఉన్న తరగతిలో ఈ రాతలన్నీ అధ్యాపకుడు దిద్దలేడు. విద్యార్థులు మూలం పక్కన పెట్టుకుని తమ రాత తామే సరిచూసుకోవచ్చు. ఏం మరిచామో అక్కడే బయటపడుతుంది. మధ్య రోజుల్లో నాటకం చదవడం మాత్రం సాగుతూనే ఉండాలి. 'మాలపల్లి' వంటి పెద్ద నవలకు ఇదే పద్ధతి పెట్టాలంటే వ్యవధులు వారాల్లోకి పెరుగుతాయి, ఒక సెమిస్టరు చాలకపోవచ్చు.