గంట కొట్టే బొమ్మ చెప్పే పాఠం

మూసీ నది దక్షిణపు గట్టున, దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రతి గంటకూ ఒక చిన్న నాటకం జరుగుతుంది. కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరు గల సంగీత గడియారం ఎదుట పిల్లలూ పెద్దలూ గుమిగూడుతారు. సుత్తి పట్టిన కమ్మరి బొమ్మ క్షణాలను లెక్కపెడుతూ ఉంటుంది. గంటకు మూడు నిమిషాలు ముందుగా గడ్డపు బొమ్మ ఒకటి వెలుపలికి వచ్చి, వేళకు గంట మోగించి, తిరిగి లోపలికి పోతుంది. ఒంటిగంటకు ఒకటే దెబ్బ; పన్నెండింటికి పన్నెండు దెబ్బలు. అందుచేతనే మధ్యాహ్నం పన్నెండింటికి జనం ఎక్కువ.

ఈ వినోదంలో ఒక విద్య ఉన్నది. బొమ్మ ముందుగా రాకపోతే, చూపరుల దృష్టి కుదురుకొనే లోపుననే మొదటి దెబ్బ మోగిపోయేది. దెబ్బలు ఒకటైనా పన్నెండైనా, చివరిది ముగిసిన పిదపనే బొమ్మ నిష్క్రమిస్తుంది. ఏ ఘట్టం దేని తరువాత రావలె, ఎంతసేపు నిలువవలె అన్నవే ఇందులోని కీలకములు. నేడు కంప్యూటరుకు ఆదేశాలు వ్రాసి పాఠాల వీడియోలు తయారుచేసేవారికి ఎదురయ్యే ప్రశ్నలు కూడా అవే.

కంప్యూటరు కాలాన్ని ఫ్రేములుగా, అనగా నిశ్చల చిత్రాలుగా లెక్కిస్తుంది. చలనచిత్రానికి సెకనుకు 24 ఫ్రేములు పరిపాటి. వీడియోలకు 30 తరచుగా వాడుతారు. ఒక ఉపాధ్యాయుడు చార్మినారును గూర్చి పాఠం కూర్చినాడనుకొంటే, అందులో కట్టడం పేరు, 1591 అనే నిర్మాణ సంవత్సరం 5 సెకన్లు. నాలుగు మినార్లు 8 సెకన్లు. నాలుగు తోరణాలు 7 సెకన్లు కనబడవలె. సెకనుకు 30 చొప్పున మొత్తం 600 ఫ్రేములు. దృశ్యాలు వరుసగా 0, 150, 390 ఫ్రేముల వద్ద మొదలవుతాయి.

వెనుక బెంచీలో అక్షరాలు కూడబలుక్కొనే బాలునికి 5 సెకన్లు చాలలేదు. ఉపాధ్యాయుడు మొదటి దృశ్యాన్ని 7 సెకన్లకు పెంచినాడు. ప్రారంభపు అంకెలు మాత్రం అట్లే ఉండిపోతే, బాలుడు పేరు చదువుతూ ఉండగానే మినార్లు వచ్చి దానిని కప్పివేస్తాయి. 150ని 210గా దిద్ది 390ని మరచిపోతే, మినార్లకు 6 సెకన్లే మిగులుతాయి. వాటిని గూర్చిన మాటలు తోరణాల మీద వినబడతాయి. పిల్లవాడు తోరణాన్నే మినారు అనుకొంటే తప్పు వానిది కాదు.

దీనికి మందు సులభం. ప్రారంభాన్ని అంకెతో గాక, సంబంధంతో వ్రాయవలె: ముందటి దృశ్యం ముగిసినచోట తరువాతిది మొదలగును. మాటలను కూడా తమ దృశ్యానికే ముడివేయవలె. అప్పుడు ప్రారంభాలు వాటంతట అవే 0, 210, 450 అవుతాయి, మొత్తం 660. ఒక దృశ్యం మరొకదానిలో కరిగిపోయేటట్లు రెండు చోట్ల ఒక్కొక్క సెకను కలిపితే, 60 ఫ్రేములు తగ్గి మరల 600 అవుతుంది. కాని కరిగిపోయే ఆ సెకను చదువుటకు పనికిరాదు. ఏడు సెకన్లిచ్చినా బాలునికి స్పష్టంగా దక్కేవి ఆరే.

గణిత పాఠాల కొరకు గ్రాంట్ శాండర్సన్ ప్రారంభించిన ‘మానిమ్’ అనే సాధనంలో, ‘ప్లే’ అన్న ఆదేశం బొమ్మను కదిలిస్తుంది; ‘వెయిట్’ అన్నది ఉన్నచోటనే నిలుపుతుంది. క్రొత్తగా నేర్చేవారు మొదటిదానిపై మోజుపడి రెండవదానిని మరచిపోతారు. తెర మీద ఏమీ కదలని ఆ కొద్దిపాటి సమయంలోనే విద్యార్థి విన్నదానిని చూచినదానితో జతపరచుకొంటాడు.

అందుచేత కాలనిర్ణయం కంప్యూటరు ముందు కూర్చొని చేసే లెక్కతోనే తీరదు. పాఠాన్ని ఒకసారి తరగతిలో చూపి, తెరను గాక పిల్లల ముఖాలను పరిశీలించవలె. ఎవరి పెదవులు ఇంకా అక్షరాలను పలుకుతున్నవో గమనించి, ఆ దృశ్యాన్ని అంతవరకు నిలపవలె.