చెన్నై – కువైట్: టికెట్టుపై రెండున్నర గంటలు, ఆకాశంలో ఐదు గంటలు

కడప, అన్నమయ్య, చిత్తూరు జిల్లాల నుండి, వాటిని ఆనుకొని తమిళనాట స్థిరపడిన తెలుగు పల్లెల నుండి కువైట్‌కు పనికి వెళ్ళేవారిలో అనేకులు చెన్నైలోనే విమానం ఎక్కుతారు. బయలుదేరే వేళ ఉదయం 6, చేరే వేళ 8.30 అని టికెట్టుపై ఉంటే, ప్రయాణం రెండున్నర గంటలే కాబోలునని ఇంటివారు తలుస్తారు. తొమ్మిదైనా, పదైనా ఫోను రాదు. ఇంట్లో ఆందోళన మొదలవుతుంది. అప్పటికి విమానం ఇంకా గగనమార్గంలోనే ఉంటుంది.

టికెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. కువైట్ గడియారం మన గడియారం కంటె రెండున్నర గంటలు వెనుక. ఏడాది పొడవునా ఇదే తేడా. కనుక అక్కడి 8.30 మనకు పగలు 11. ప్రయాణం ఐదు గంటలు.

రెండు విమానాశ్రయాల నడుమ దూరం సుమారు 3,780 కిలోమీటర్లు. గుండ్రని భూమిపై ఇది అతి దగ్గరి దారి. గ్లోబుపై ఈ రెండు చోట్లకు దారం బిగించి పట్టితే ఆ దారి కనబడుతుంది. అది తిరుపతికి కాస్త దక్షిణంగా సాగి, దాదాపు అనంతపురం, బళ్ళారి మీదుగా పోయి, కొంకణ తీరం దాటి అరేబియా సముద్రంపైకి చేరుతుంది. ఊరు విడిచి చెన్నైకి వచ్చినవాడు మళ్ళీ తన సీమ మీదుగానే పరదేశానికి పోతున్నాడన్నమాట! అయితే విమానం అచ్చంగా దారం వెంటనే పోదు. నిర్ణయించిన గగనమార్గాలను అనుసరించాలి గనుక దూరం కొంత పెరుగుతుంది.

గంటకు సుమారు 840 కిలోమీటర్ల వేగాన లెక్కిస్తే నాలుగున్నర గంటలు. రన్‌వే వరకు నడక, పైకెక్కడం, దిగడం కలిపితే ఐదు. ఎత్తున పడమటి నుండి తూర్పుకు వీచే గాలి, ముఖ్యంగా శీతకాలంలో, పోయేటప్పుడు ఎదురై ఆలస్యం చేస్తుంది. వచ్చేటప్పుడు వెన్నుతట్టి కొంత కాలం మిగులుస్తుంది.

తిరుగు ప్రయాణంలో పొరపాటు మరింత ఖరీదైనది. 14వ తేదీ రాత్రి 10కి కువైట్‌లో బయలుదేరిన విమానం నాలుగుముప్పావు గంటల్లో వచ్చినా, చెన్నైలో అప్పటికి 15వ తేదీ తెల్లవారుజాము 5.15. టికెట్టుపై మొదటి తేదీ మాత్రమే చూసి కారు మాట్లాడుకున్నవారు ఒక రాత్రి ముందే మీనంబాక్కం చేరి, మరునాటి వరకు బాడుగ మోయవలసి వస్తుంది. చేరే వేళ పక్కన ‘+1’ అని ఉంటే మరునాడని అర్థం.

వెళ్ళేవారి లెక్క వేరు. విదేశీ విమానానికి మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండడం మేలు. గుడియాత్తం వైపు పల్లె నుండి రోడ్డుపై నాలుగు గంటలు పట్టవచ్చు. ఉదయం 6 గంటల విమానానికి ఇల్లు కదలవలసినది ముందురోజు రాత్రి 11కే.