పెడల్‌కు అతుక్కున్న బూటు ఊడేదెలా?

కొత్తకోట మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై రేసు సైకిల్ కనిపిస్తే, తొక్కేవాళ్ల కాళ్లకేసి చూడండి. కొందరి బూట్లు పెడళ్లకు అతుక్కుని ఉంటాయి. మరి ఆగితే పడిపోరూ?

పడరు. బూటు అడుగున క్లీట్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. దాని ముందుభాగాన్ని పెడల్‌లో దూర్చి కిందికి నొక్కితే, స్ప్రింగు ‘టక్’మని పట్టేస్తుంది. ఇక ప్రెషర్ కుక్కర్ మూతలాగే! పైకి లాగితే రాదు, పక్కకు తిప్పితే వస్తుంది. మడమను బయటికి తిప్పితే చాలు, బూటు ఊడొస్తుంది.

ఇంత తంటా ఎందుకంటారా? వేగంగా తొక్కేటప్పుడు, గతుకుల్లో పోయేటప్పుడు పాదం జారదు. మంచుమీద జారే స్కీలకు బూట్లు బిగించే పరికరాలు చేసిన ఫ్రాన్స్ కంపెనీ లుక్, 1984లో ఈ కిటుకును సైకిల్‌కు తెచ్చింది. 1985లో సైక్లిస్టు బెర్నార్డ్ ఈనో ఆ పెడళ్లతోనే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచాడు.

కొత్తవాళ్లకు బూటుకు రెండు బోల్టులతో బిగించే క్లీట్ మేలు. అది బూటు అడుగులో లోపలికి ఉంటుంది కాబట్టి మామూలుగా నడవొచ్చు. మొదట స్ప్రింగును వదులుగా పెట్టుకోండి. గోడ పట్టుకుని, ఒక్కో కాలూ బిగించడం, విడిపించడం అలవాటు చేసుకోండి. రోడ్డెక్కాక మాత్రం, బ్రేకు వేయకముందే ఒక కాలు విడిపించాలి. ఆగాక తిప్పుదామనుకుంటే ఆలోపే సైకిల్ ఒరిగిపోతుంది!