ఆమ్ల నేలలు - వరిపైరుకు సిలికన్

వరి ఆకు అంచును ఎదురుగా రాచి చూచినచో వ్రేలికి గరగరలాడుతుంది. కోతకు దిగిన వారి చేతులు గీసుకొనిపోవునది దీనివల్లనే. ఈ గరుకుకు మూలం సిలికా, అనగా ఇసుకలోని పదార్థమే. ఊకను కాల్చగా దాని బరువులో ఇంచుమించు అయిదవ వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి ఇంచుమించు తొంభై పాళ్లు సిలికాయే ఉంటుంది.

ఉద్దానంలో ఇసుకకు కొదువ లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఇసుక నేలల్లోనే పెరుగుతున్నవి. పలాస, టెక్కలి వైపు ఎర్రనేలలు తూర్పుకనుమల రాళ్లు శిథిలమై ఏర్పడినవి. భూమి పైపొర బరువులో సిలికన్ నూటికి 28 పాళ్లు. ఇంత ఉండగా పైరుకు కరవు ఎట్లు కలుగుతుంది?

ఇసుకరేణువు నీటిలో దాదాపు కరగదు. వేరు రాతిని తినలేదు గదా! కరిగి సిలిసిక్ ఆమ్లముగా మారిన సిలికన్‌నే అది పీల్చుకొంటుంది. నేలలోని తడిలో ఇది సాధారణంగా లీటరుకు 3 మొదలు 17 మిల్లీగ్రాముల సిలికన్ మేరకే ఉంటుంది. వరివేరులో దీనిని లోనికి తెచ్చే ప్రత్యేక ద్వారమును జపానులో మా జియాన్ ఫెంగ్, ఆయన సహచరులు 2006లో గుర్తించారు. జీడిమామిడి వంటి చెట్లు వరివలె సిలికన్‌ను కూడబెట్టవు.

ఇక నేల ఆమ్లత సంగతి. దీనిని పి.హెచ్. అంకెతో కొలుస్తారు; 7 కంటె తగ్గినకొలది ఆమ్లత ఎక్కువ. సిలిసిక్ ఆమ్లమును ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు తమ ఉపరితలంపై పట్టి ఉంచుతవి. పి.హెచ్. 9 దరికి చేరేవరకు ఈ పట్టు పెరుగుతూ పోతుంది. కనుక ఆమ్ల నేలలో పట్టు సడలి, సిలికన్ తడిలోనే నిలుస్తుంది. అయితే ఆమ్ల నేల మంచిదే గదా అని తొందరపడరాదు. వేల సంవత్సరాల వర్షాలకు సిలికన్ కొట్టుకొనిపోయినందువల్లనే అటువంటి నేలలు పలుచోట్ల పేదవైనవి. ఉన్నది సులభంగా దొరుకుతుంది గాని, ఉన్నదే కొంచెము. పైగా పి.హెచ్. 5 కంటె దిగజారినప్పుడు అల్యూమినియం కరిగి వేరుకొనలను కుంటుపరుస్తుంది. సిలికన్ ఆ అల్యూమినియంతో కూడి దాని విషగుణమును కొంత అణచగలదు.

మడిలో నీరు నిలిపినపుడు మరొక మార్పు. గాలి ఆడక ఇనుము ఆక్సైడులు కరుగుతవి. అవి పట్టిన సిలికన్ విడుదలవుతుంది. ఆమ్లత కూడ తటస్థస్థితి వైపు మళ్లుతుంది. వంశధార కాలువ నీరు నిలిచే పల్లపు మడికిని, వానపై ఆధారపడిన మెట్టకును ఈ విషయంలో చాలా భేదమున్నది.

దీనికింత విచారణ ఎందుకనగా, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరనే తీరం దాటినది. కొబ్బరిచెట్లను పెకలించిన అంత గాలికి సిలికన్ అడ్డు కాజాలదు. కాని అక్టోబరు మామూలు గాలివానలకు పైరు ఒరగకుండ దంటుకు బిరుసునిచ్చేది సిలికాయే. అగ్గితెగులు బూజు ఆకులో చొరబడకుండ అడ్డుకొనుటలో కూడ దానికి పాత్ర కలదు. నత్రజని ఎరువు మితిమీరి ఏపుగా పెరిగిన పైరుకు ఈ అండ మరింత అవసరము.

ఆమ్లత తగ్గించుటకు సున్నము చల్లుట వాడుక. అయితే పి.హెచ్. పెరిగినకొలది సిలికన్ తిరిగి ఆక్సైడులకు అంటుకొనవచ్చును. కాల్షియం సిలికేటు రెండు పనులూ చేస్తుంది. ఇనుప కొలుముల చిట్టెము నుండి లభించే ఈ పదార్థమును జపాను 1955లోనే ఎరువుగా గుర్తించినది. మన రైతుకు చవకైన నిల్వ గడ్డి, ఊకలే. హెక్టారుకు అయిదు టన్నుల ధాన్యం పండే పైరు 230 మొదలు 470 కిలోల సిలికన్‌ను నేలనుండి తీసుకొంటుంది. అందులో అధికభాగం గడ్డిలోను ఊకలోను ఉంటుంది. గడ్డి పశువుల పాకకు పోయినా, పెంటగా పొలానికి మరలి రావచ్చును. మిల్లుకు పోయిన ఊక మాత్రం తిరిగివచ్చుట అరుదు. తెల్లబడేదాకా తీవ్రమైన మంటలో కాలిన ఊకబూడిదలోని సిలికా త్వరగా కరగదు. నెమ్మదిగా కాలిన నల్లని బూడిద మేలు.